బల్ల గుడ్డ

"నీళ్లివ్వాల్సిన కుళాయి నా వేలు లోపలికెందుకు లాగుతోంది?"

ఈ ప్రశ్న అడిగింది దర్జీ అక్క అత్తగారు. అడిగిన చోటు మేడమ్మ ఇంటి హాలు. గురువారం స్త్రీల ప్రార్థన కూటం అప్పుడే ముగిసింది. కళ్లు తెరిచి, చెప్పుల కోసం గుమ్మం వైపు చూస్తున్న ఆడవాళ్లంతా ఒక్కసారిగా ఆమె వైపు తిరిగారు. ఒకావిడ నవ్వు ఆపుకోలేక దగ్గింది. ఇంకొకావిడ, "పెద్దమ్మా, ఈ వయసులో కూడా నిన్ను లాగేవాళ్లున్నారా, అదృష్టవంతురాలివి!" అంది. హాలంతా గొల్లుమంది. ముసలామె మాత్రం నవ్వలేదు. చూపుడు వేలు గాలిలో అలాగే నిలబెట్టి ఒక్కొక్కరి మొహమే చూస్తూ వచ్చి, చివరికి మేడమ్మ మొహం దగ్గర ఆగింది.

"వేలు పెట్టి చూడమ్మాయ్, నీకే తెలుస్తుంది. గాలి లోపలికి పోతోంది. బుస్సుమంటోంది."

"మా అత్తకి ఈమధ్య చిత్తభ్రమగా ఉంటోంది వదినా, ఏమీ అనుకోకు," అని దర్జీ అక్క ఆ వేలిని మెల్లగా కిందికి దించింది.

మేడమ్మ ఏమీ అనుకోలేదు. అనుకోకుండా ఉండటం ఆమెకు బాగా అలవాటు.

ఆ సందులో మేడ ఉన్న ఇల్లు ఆమెది ఒక్కటే. అందుకే ఆమె మేడమ్మ. పెద్ద వీధి నుంచి సందులోకి తిరిగే మూలన ఆ ఇల్లు. దాన్ని దాటితే సందు పల్లానికి దిగుతుంది. రెండు వైపులా ఒంటి అంతస్తు ఇళ్లు, వాటిలో మొదటిది దర్జీ అక్కది. నీళ్ల గొట్టం కూడా అదే దారిన వస్తుంది: ముందు మేడమ్మ ఇల్లు, తర్వాత మిగిలిన వాళ్లు. ఈ ఎండాకాలం మొదలైన దగ్గర్నుంచి పల్లంలో కుళాయిలు ఎండిపోయాయి. మేడమీది ట్యాంకు మాత్రం పొంగి గోడమీద చారలు కట్టింది.

ఆ చారలే ఆమె సాక్ష్యం. ప్రతి గురువారం కూటంలో, ప్రతి ఆదివారం ఆరాధనలో ఆమె అందరికంటే ముందు లేచేది. "చుట్టూ కుళాయిలన్నీ ఎండిపోయినా నా ప్రభువు నా ట్యాంకును మరిచిపోలేదు. నీళ్లు లేవన్న మాట నా ఇంట్లో ఒక్కరోజు కూడా వినపడలేదు. పోషించేవాడు ఆయనే. మనం నమ్మితే చాలు," అనేది. 'నమ్మితే చాలు' అన్నచోట ఆమె గొంతు కాస్త వణికేది. ఆ వణుకు నటన కాదు. ఆమె నిజంగానే కృతజ్ఞురాలు. ఈ కథలో చిక్కంతా అక్కడే ఉంది.

కూటం అయ్యాక ఆడవాళ్లు పెరట్లోకి నడిచారు. అక్కడ వాళ్ల బిందెలు అప్పటికే వరుసలో ఉన్నాయి. ట్యాంకు నుంచి దిగిన రబ్బరు గొట్టాన్ని మేడమ్మే స్వయంగా పట్టుకుని, మనిషికో బిందె చొప్పున నింపింది. బిందె మూతి దాకా నింపేది, చుక్క తక్కువ కానిచ్చేది కాదు. ఆ విషయంలో ఆమెను వేలెత్తి చూపడానికి లేదు. ఒక్కొక్కరే బిందె నడుముకెత్తుకుని, "దేవుడు నీ చెయ్యి దీవించాలమ్మా," అని దీవించి వెళ్లారు. "నాదేముంది, అంతా ఆయన దయ," అని ఆమె ప్రతి ఒక్కరికీ అదే మాట అప్పజెప్పింది. తమ కుళాయిలోకి రావలసిన నీళ్లను ఇంకొకరి చేతి మీదుగా దానంగా పుచ్చుకుని, దీవించి మరీ వెళ్లే మనుషుల్ని చూడాలంటే ఆ పెరట్లోకి వెళ్లి నిలబడితే సరిపోయేది. కాని అలా చూసే కళ్లు అక్కడ ఎవరికీ లేవు. ఒక్క ముసలామెకు తప్ప. ఆమె మాటను నవ్వి తోసేశారు.

అందరూ వెళ్లాక దర్జీ అక్క ఆగింది.

"వదినా, వచ్చే ఆదివారం ప్రభు బల్ల. గుడ్డలు నానబెట్టావా?"

"రేపు నానబెడతాలే."

"ద్రాక్షరసం మరక పాతబడితే మొండికేస్తుంది. ముందు చన్నీళ్లు. వేడినీళ్లు చూపించావో, ఇక అది మనతోనే ఉంటుంది, అల్లుడిలాగ."

మేడమ్మ నవ్వింది. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు బల్లమీద పరిచే ఆ తెల్ల గుడ్డలు ఉతకడం ఒకప్పుడు ముసలామె పని. ఆ అంచుల్ని తెల్ల దారంతో కుట్టిందీ ఆమే. చేతులు వణకడం మొదలయ్యాక కోడలికి అప్పగించింది. ఈ ఏడు నీళ్లు పోయాక, జాడించడానికి నీళ్లెక్కడివని దర్జీ అక్కే వాటిని శుభ్రమైన తువ్వాలులో చుట్టి, మేడమ్మ ఇంటికి తెచ్చి ఇచ్చింది. పిండకూడదని, తువ్వాలులో చుట్టి ఒత్తాలని, తడి ఆరకముందే కుట్టుపని ఉన్న వైపు తిరగేసి ఇస్త్రీ చేయాలని చెప్పి వెళ్లిపోయింది. ఆ పని తననుంచి పోయిందన్న బాధ గురించి ఒక్క మాట అనలేదు. చర్చి అయ్యగారు మాత్రం ఆరాధనలో, "ఈ సేవను దేవుడు మేడమ్మగారి చేతికి అప్పగించాడు," అని ప్రకటించారు.

శుక్రవారం పొద్దున మెట్ల కింద చప్పుడు ఆగిపోయింది.

ఆగిపోయాకే అక్కడ చప్పుడు ఉండేదని మేడమ్మ గమనించింది. మెట్ల కింది చెక్క పెట్టెలో మోటారు ఉంటుంది. ఆమె భర్త కట్టడాల కాంట్రాక్టరు. ఎండలు ముదరకముందే ఒక మధ్యాహ్నం తానే కూర్చుని దాన్ని బిగించాడు. నీళ్లు పైకెక్కడానికి మోటారు కావాలి, ఇందులో అడిగేదేముంది? అది ఏ నీళ్లని, ఎక్కణ్నుంచి లాగుతోందని ఆమె అడగలేదు. ఆమెకు తెలియదంటే అబద్ధం. తెలుసంటే అదీ పూర్తి నిజం కాదు. అడిగితే తెలిసిపోయే విషయాన్ని అడగకుండా పక్కన పెట్టడం ఒక నేర్పు. సుఖంగా బతికే ఇళ్లలో దాన్ని ఎవరూ ఎవరికీ నేర్పనక్కర్లేదు.

పెట్టెలోంచి కాలిన రబ్బరు వాసన వచ్చింది. మెకానిక్ వచ్చి మూత తీసి మొహం చిట్లించాడు.

"లోపలి రాగితీగ చుట్ట కాలిపోయింది సార్. దీన్ని ఊపిరి తీసుకోనిస్తున్నారా లేదా?"

"ఎప్పటికిస్తావు?"

"రేపు మధ్యాహ్నానికి. ఈలోపు మీరు కూడా అందరిలాగే ఉండండి," అని నవ్వి, మోటారును భుజానికెత్తుకుని వెళ్లాడు.

భర్తకు ఆ నవ్వు నచ్చలేదు. మేడెక్కి ట్యాంకులోకి తొంగిచూసి వచ్చాడు. "అడుగున ఉంది. జాగ్రత్తగా వాడు."

జాగ్రత్తగా వాడటం ఆ ఇంట్లో మరిచిపోయిన పని. సాయంత్రానికి గొట్టంలో మడ్డి నీళ్లు దిగాయి. బల్ల గుడ్డలు తువ్వాలులోనే ఉన్నాయి. మేడమ్మ మంచం పక్కన మోకరించి, "ప్రభువా, మోటారు బాగుచేయించు. నా కోసం కాదు, నీ బల్ల కోసం," అని ప్రార్థించింది. 'నా కోసం కాదు' అన్నందుకు ఆమెకే కాస్త తృప్తి కలిగింది.

శనివారం పొద్దున సందులోంచి కేకలు వినిపించాయి. మొదట ఎవరో పడ్డారనుకుంది. తర్వాత బిందెల చప్పుడు, పరుగులు, ఎవరో ఎవరినో "ముందు తాగే నీళ్లు పట్టవే, బట్టలు తర్వాత!" అని కసురుకోవడం. కిటికీలోంచి చూస్తే, పల్లంలో తలుపులన్నీ తెరిచి ఉన్నాయి.

దర్జీ అక్క రెండేసి మెట్లు ఒకేసారి ఎక్కి వచ్చింది. మోచేతుల దాకా తడి. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది.

"వదినా, నీళ్లు! కుళాయి నిండుగా వస్తోంది! నిన్న సాయంత్రం సన్నగా మొదలైంది, కలేమోనని ఎవరికీ చెప్పలేదు. పొద్దున చూద్దును కదా, దుమికి వస్తోంది. మా అత్తకి తలారా స్నానం చేయించాను. ఎన్నాళ్లయిందో! ఏడ్చింది వదినా, పసిపిల్లలాగ." ఊపిరి తీసుకుంది. "నిన్న మోకాళ్లమీద పడి అడిగాను, రేపు బల్ల, ఇంత ఎండిన చేతులతో ఎలా రమ్మంటావయ్యా అని. విన్నాడు."

మేడమ్మ ఇంకా విప్పని తువ్వాలు చుట్ట వైపు చూసింది.

"మీ మోటారు పాడైందటగా. గుడ్డలు ఇలా ఇయ్యి, నేనుతుకుతా. పోనీ నువ్వూ రా, ఇద్దరం కలిసి ఉతుకుదాం. వచ్చేటప్పుడు బిందె తెచ్చుకో, నింపిస్తాను."

అలా మేడమ్మ బిందె పట్టుకుని సందులో పల్లానికి దిగింది. దర్జీ అక్క ఇంటికి నీళ్ల కోసం వెళ్లడం ఆమెకు అదే మొదటిసారి. దారిలో ఎదురైన వాళ్లు, "మీకూ కావాలా అమ్మా? పట్టుకెళ్లండి, పట్టుకెళ్లండి," అన్నారు. ఆ పిలుపులో ఎగతాళి లేదు. ఎగతాళి ఉంటే ఆమెకు కాస్త తేలికగా ఉండేది.

పెరట్లో ముసలామె తడి జుట్టు వీపుమీద పరచుకుని ఎండలో కూర్చుంది. కుళాయి కింద వెడల్పాటి తొట్టి. దర్జీ అక్క గుడ్డను మరక ఉన్నచోట వేళ్లకు చుట్టుకుని, ఉప్పు రాసి, ధార కింద పట్టింది. ఎర్రదనం గులాబీ రంగై, గులాబీ రంగు నీళ్లలో కలిసిపోయింది. ఆమె రుద్దలేదు. నీళ్లనే పని చేయనిచ్చింది. మేడమ్మ రెండో కొస పట్టుకుంది. ఇద్దరి మధ్యా గుడ్డ బరువుగా, చల్లగా వేలాడింది.

"రేపు సాక్ష్యానికి నేనే లేస్తాను, ఏమనుకోకు," అంది దర్జీ అక్క. "ఎప్పుడూ నువ్వే కదా. నాకు చెప్పుకోవడానికి ఏముండేది చెప్పు? నీ సాక్ష్యం విన్నప్పుడల్లా అనుకునేదాన్ని, నా నమ్మకంలోనే ఏదో లోటుందని. వదిన నమ్మింది, నీళ్లొచ్చాయి. నేను సగమే నమ్మి ఉంటానని."

మేడమ్మ చేతిలో గుడ్డ జారింది. ఎత్తి మళ్లీ పట్టుకుంది.

ముసలామె అటువైపు నుంచి, "దీని నమ్మకానికేం లోటు లేదు. లోటంతా గొట్టానిదే," అంది.

"అత్తా, ఇక ఆ గొట్టం గోల వదిలెయ్యి."

మధ్యాహ్నానికి చివరి జాడింపు మిగిలింది. దర్జీ అక్క గుడ్డ కొసను సరిగ్గా కుళాయి మూతి కింద పట్టింది. అప్పుడు ధార సన్నబడింది. బొటనవేలంత ఉన్నది పుల్లంత అయింది, పుల్లంతది దారమంత అయింది, తర్వాత ఆగిపోయింది. ఆ తర్వాత కుళాయి లోపల ఎవరో ఊపిరి పీల్చినట్టు బుస్సుమంది. తడి గుడ్డ కొస దానంతటదే పైకి లేచి, కుళాయి మూతికి అతుక్కుని, ముసలామె కుట్టిన అంచుతో సహా లోపలికి దూరింది.

దర్జీ అక్క లాగింది. రాలేదు.

సందు పైనుంచి, మెట్ల కింది చెక్క పెట్టెలోంచి, కొత్త చుట్ట వేసిన మోటారు నిండు గొంతుతో మోగుతోంది. ఇన్నాళ్లూ ఇంట్లో ఉండి వినని చప్పుడు ఇంత దూరాన మేడమ్మకు స్పష్టంగా వినిపించింది.

"చూశావా అమ్మాయ్," అంది ముసలామె మెల్లగా. "లాగుతోందా?"

"పోనీలే వదినా," అని దర్జీ అక్క గుడ్డను జాగ్రత్తగా తిప్పుతూ ఊడదీసింది. అంచుమీద గుండ్రటి ముడత పడింది. "ఉన్నంతసేపు ఇచ్చాడు. అదే పదివేలు. అత్తకి స్నానమైంది, బల్ల గుడ్డలయ్యాయి. మాకు ఇంతకంటే ఏం కావాలి?"

ఆ మాటకు తట్టుకుని నిలబడటం మేడమ్మ వల్ల కాలేదు. బిందె అక్కడే వదిలి, సందు ఎక్కి, తన ఇంటి మెట్ల కింద కూర్చుని ఉన్న భర్త ముందు నిలబడింది.

"ఆపండి."

"ఏమైంది? ఇప్పుడేగా బిగించాం. ట్యాంకు సగం కూడా కాలేదు."

"ఏమండీ, ఇది ఎక్కణ్నుంచి లాగుతోంది?"

ఆయన రెంచీ కింద పెట్టి ఆమెను ఎగాదిగా చూశాడు. "ఎక్కణ్నుంచేమిటి? వీధి గొట్టం నుంచి."

"మన వంతు వచ్చేదా, గొట్టంలో ఉన్నదంతానా?"

"మోటారుకి వంతులు తెలుస్తాయా? నా మోటారు, నా కరెంటు. నేనెవరి సొమ్మూ ముట్టుకోలేదు."

"పల్లంలో కుళాయి గాలి పీలుస్తోంది. బల్ల గుడ్డను పీల్చింది. మా చేతుల్లోంచి."

ఆయన నవ్వాడు. ఆ నవ్వులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ. "బాగుంది. ఎండాకాలమంతా హాలు నిండా జనాన్ని కూర్చోబెట్టి సాక్ష్యం చెప్పావే, అప్పుడు నీ కాళ్ల కింద ఈ చప్పుడు వినపడలేదా? మేఘమేదో దిగివచ్చి ట్యాంకు నింపి పోతోందనుకున్నావా? దేవుడికి స్తోత్రం చెప్పావు. బిగించిన నాకు కనీసం థాంక్స్ కూడా చెప్పలేదు."

అది న్యాయమైన మాట.

"ఆపితే మనకెలా?" అన్నాడు ఆయన, ఈసారి మామూలు గొంతుతో.

"వాళ్లకెలా వస్తే మనకూ అలాగే."

"రాకపోతే?"

అప్పుడు ఆమెకు మొదటిసారి భయం వేసింది. ట్యాంకు నిండుగా ఉన్నన్నాళ్లూ 'నమ్మితే చాలు' అని వణికిన గొంతుకు, ఇప్పుడు నమ్మవలసిన అవసరం ఎదురుగా వచ్చి నిలబడింది. రేపటి సంగతి తెలియదు. ఎల్లుండిది అసలే తెలియదు. ఎడారిలో ఆకాశం నుంచి రాలిన మన్నాను ఏ రోజుది ఆ రోజే ఏరుకుని, డేరాలో ఏమీ దాచుకోకుండా పడుకున్నవాళ్లకు నిద్ర ఎలా పట్టిందో ఆమె ఎన్నిసార్లో కూటంలో వివరించింది. ఎన్నడూ ఆలోచించలేదు.

చెయ్యి చాచి మీట నొక్కి మోటారు ఆపింది. ఆయన అడ్డుపడలేదు. రెంచీ తీసుకుని, చాలాసేపు దాన్నే తుడుస్తూ కూర్చున్నాడు.

ఆమె తిరిగి పల్లానికి వెళ్లేసరికి దర్జీ అక్క కుళాయిలో నీళ్లు మళ్లీ మొదలయ్యాయి. "చూశావా, మళ్లీ ఇచ్చాడు!" అంది ఆమె, మొహం వెలిగిపోతూ.

"ఇచ్చింది ఆయనే," అంది మేడమ్మ. "ఆపింది నేను." చెప్పింది. మెట్ల కింది పెట్టె సంగతి, వీధి గొట్టం సంగతి, శుక్రవారం మోటారు కాలిపోబట్టే నీళ్లు వచ్చాయన్న సంగతి. వంకలు పెట్టకుండా, ఏడవకుండా చెప్పింది. ఏడిస్తే దర్జీ అక్క ఓదారుస్తుందని ఆమెకు తెలుసు. ఆ ఓదార్పు కూడా దొంగిలించదలచుకోలేదు.

దర్జీ అక్క మెడలోని టేపు తీసి చేతికి చుట్టింది, విప్పింది.

"గురువారం గురువారం బిందె పట్టుకుని నీ పెరట్లో నిలబడ్డాను."

"అవును."

"నిన్ను దీవించాను."

"అవును."

"మా అత్తకి పిచ్చి పట్టిందన్నాను. అందరి ముందూ."

దర్జీ అక్క తొట్టిలోంచి గుడ్డ తీసి, తువ్వాలుమీద పరిచింది. "ఆ కొస పట్టుకో. పిండకు, చుట్టు," అంది. 'వదినా' అనలేదు.

ఆదివారం ఆరాధనలో ప్రభు బల్లమీద తెల్ల గుడ్డ మెరిసింది. ఒక మూలన, అంచు దగ్గర, ఇస్త్రీకి లొంగని గుండ్రటి ముడత ఉంది. అయ్యగారు అలవాటు చొప్పున, "మేడమ్మగారూ, ఈ వారం మీ సాక్ష్యం," అన్నారు.

ఆమె లేచింది. ఎక్కడ చూడాలో తెలియక ముడతనే చూస్తూ మాట్లాడింది.

"గురువారం పెద్దమ్మ ఒక ప్రశ్న అడిగింది. కుళాయి నా వేలెందుకు లాగుతోందని. మనమంతా నవ్వాం. జవాబు నా దగ్గర ఉంది. లాగింది కుళాయి కాదు, మా మెట్ల కింది మోటారు. మీ ఇళ్లకు రావలసిన నీళ్లను నా ట్యాంకులోకి లాగి, అవి నాకు దేవుడిచ్చాడని మీ చేతే స్తోత్రం చెప్పించాను. మోటారు నిన్న ఆగింది. ఇకమీదట మోగదు."

ఆమె కూర్చుంది. గొంతు ఈసారి వణకలేదు. అయ్యగారు కళ్లద్దాలు తీసి తుడిచి, "దేవునికి స్తోత్రం... పాట పాడుకుందాం," అని తొందరగా అన్నారు. జనం అంతకంటే తొందరగా అందుకున్నారు. కొందరు మగవాళ్లు, అందులో మేడలున్న వీధుల నుంచి వచ్చేవాళ్లు, పాటల పుస్తకాల్లోంచి తలెత్తకుండా పాడారు. మేడమ్మ భర్త పాడలేదు. ముసలామె తన చూపుడు వేలిని ఒళ్లో పెట్టుకుని, దాన్ని రెండో చేత్తో నెమ్మదిగా నిమురుకుంది.

ఆరాధన అయ్యాక మేడమ్మతో ఎవరూ మాట్లాడలేదు.

సోమవారం పొద్దున ఆమె తన ఇంటి ముందు, నేలబారున ఉన్న కుళాయి కింద బకెట్ పెట్టి నిలబడింది. నీళ్లు సన్నగా, తీరిగ్గా వస్తున్నాయి. భర్త రెండో బకెట్ తెచ్చి పక్కన పెట్టి, "మోకాళ్లు నొప్పులు నాకు, మెట్లు ఎక్కలేను," అని సణిగి, మొదటిది నిండగానే తానే ఎత్తుకుని మెట్లెక్కాడు. ట్యాంకు ఖాళీ. రేపు ఇవి వస్తాయో రావో ఆమెకు తెలియదు. బకెట్ అడుగున నీళ్ల చప్పుడు మారుతుంటే, ఆమె పెదవులు కదిలాయి. స్తోత్రం అన్న మాట. ఎవరూ వినలేదు. అది ఎవరికీ వినిపించడానికి అన్నది కూడా కాదు.

పల్లంలోంచి దర్జీ అక్క కేక వేసింది. "నిండగానే కట్టెయ్యి వదినా! కిందికి నీళ్లు రావాలి!"

ఆమె కట్టేసింది.

ఇక మీ సంగతి. ఈరోజు మీ ట్యాంకు నిండింది. భోజనం ముందు కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పబోతున్నారు. ఆగండి. ముందు మీ మెట్ల కిందికి వెళ్లి ఏది మోగుతోందో వినండి. వీధి చివరి ఇంటి దాకా నడవండి. వాళ్ల కుళాయి తిప్పి, మూతి దగ్గర మీ వేలు పెట్టండి. అది నీళ్లతో తడిసిందో, గాలి దాన్ని లోపలికి లాగిందో తెలుసుకుని రండి. స్తోత్రం అప్పుడు చెప్పండి.